నీళ్ళు ముట్టని ఒక్కపొద్దు

కోరుట్ల,
18 మే 2025

తమ్ముడూ హరీశ్,

పొద్దుటి దీపం ఇంకా వెలుగుతోంది. అది కొండెక్కేలోపు ఈ ఉత్తరం ముగించాలని కూర్చున్నాను.

అంగన్‌వాడికి సెలవులు గదా, సిరిసిల్లలో చెల్లె తిరుమల దగ్గర వారం రోజులు ఉండి వచ్చాను. మొన్నటి మంగళవారం పొద్దున ఒకటి నా కళ్ళ ముందే తిరుగుతోంది. పెద్ద సంగతేం కాదు.

నాలుగున్నరకు లేచి చూస్తే మీ చిన్నక్క అప్పటికే వాకిలి ఊడ్చి సాన్పు చల్లుతోంది. ఐదింటికి నల్లా వచ్చింది. డ్రమ్ము నింపింది, రెండు బిందెలు నింపింది. బెండకాయలు తరిగి పొయ్యి మీద వేసి, సృజనకు జడ వేయడానికి కూర్చుంది. "అమ్మా, గట్టిగ గుంజకే, తల పోతది" అని ఆ పిల్ల ఒకటే గొణుగుడు. మీ చిన్నబావ సతీశ్ మరమగ్గాల మీద రాత్రి డ్యూటీ చేసి వచ్చి గోడకు తిరిగి పడుకున్నాడు. నేను చాయ్ పెట్టాను. తిరుమల తన గ్లాసు నాకే ఒంపింది. అన్నం రెండు ముద్దలు తిని, నీళ్ళు నోట్లో పోసుకుని పుక్కిలించి బయట ఉమ్మేసింది.

"నీళ్ళు తాగవేందే?" అన్నాను.

"వద్దక్కా. పొద్దూకేదాక ముట్ట."

"ఒక్కపొద్దా?"

"ఆఁ... గట్లనే అనుకో."

"రాజన్న దేవునికా?"

అంగీల ఫ్యాక్టరీ వ్యాను హారన్ కొట్టింది. తల ఊపి, చెప్పులు చేతిలో పట్టుకుని ఉరికింది.

ఆదివారం తప్ప రోజూ ఇంతేనని సృజన చెప్పింది. ఆదివారం చెంబులకు చెంబులు తాగుతుందట. నేను ముప్ఫై ఏళ్ళ నుంచి శనివారాలు ఒక్కపొద్దు ఉంటున్నాను, ఇప్పటికీ చాయ్ వదలలేకపోయాను. నా చెల్లె వారానికి ఆరు రోజులు నీళ్ళే ముట్టడం లేదు. భక్తిలో నన్ను దాటింది. పక్కింటి వాళ్ళకు కూడా చెప్పి మురిశాను. కొంచెం చిక్కింది. మొహం ఉబ్బినట్టుంది, ఎండకు కావచ్చు.

వాళ్ళ ఫ్యాక్టరీ గోడ మీద నువ్వు తెలుగు చేసిన బోర్డు పెట్టారట. 'మీ గౌరవం మా బాధ్యత' అని. "మా తమ్ముడు రాసిండని ఎవ్వలకు చెప్పలేదక్కా, లోపలలోపల మురుస్త" అంది. దేశదేశాల్లో మీ కంపెనీకి అంగీలు కుట్టే చోట పనివాళ్ళను సరిగా చూస్తున్నారా లేదా అని చూడడమే నీ నౌకరీ అని అమ్మకు మళ్ళీ ఒకసారి చెప్పాను. "అంటె జమేదారా?" అంది. కాదన్నాను. నమ్మలేదు.

ఫోన్‌లో నువ్వు 'సరే అక్కా' అని పెట్టేస్తావు. ఉత్తరానికైతే జవాబు రాయక తప్పదు. రాయికల్ అజయ్ సెలవు ముగిసి దుబాయి వస్తున్నాడు. అతని చేతికి ఇది, మామిడికాయ తొక్కు ఇస్తున్నాను. తొక్కు డబ్బా నిటారుగా పెట్టమను.

పెద్దక్క
గంగామణి


దుబాయి,
1 జూన్ 2025

పెద్దక్కా,

తొక్కు క్షేమంగా చేరింది, అజయ్ చొక్కా మాత్రం క్షేమంగా లేదు. ఆఫీసులో మూత తీస్తే మా ఫిలిప్పీన్స్ అమ్మాయి రెండు బల్లల అవతలికి వెళ్ళి కూర్చుంది.

నీకో తమాషా చెప్పాలి. నువ్వు ఉత్తరం రాసిన మూడు రోజులకే చిన్నక్క ఫ్యాక్టరీలో మా తనిఖీ జరిగింది. వెళ్ళిన ఇద్దరికీ తెలుగు రాదు. పదిమంది ఆడవాళ్ళను ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి ప్రశ్నలడిగారు. నేను ఇక్కడి నుంచి ఫోన్‌లో, నా మొహం కనిపించకుండా, మాట మాత్రం వినిపించేలా అనువాదం చేశాను. ఏడో మనిషి ఎవరనుకున్నావు? చిన్నక్క!

నా గొంతు వినగానే ఒక్క క్షణం ఆగింది. తర్వాత "చెప్పుండ్రి సార్" అంది. నన్ను సార్ అందక్కా! నవ్వు ఆపుకోలేక నా పని అయింది. బంధువులుంటే ముందే చెప్పాలని మా నియమం. కానీ ఐదు నిమిషాల పని, ఎందుకులే అని ఊరుకున్నాను.

ఇబ్బందులున్నాయా అంటే "ఏం లెవ్వు సార్, మంచిగ చూసుకుంటరు" అంది. నీళ్ళు, బాత్రూం గురించి అడిగితే "అన్ని ఉన్నయి సార్" అంది. అంతకు ముందు రచన అనే ఆమె మాత్రం బాత్రూంకు పోనివ్వరని ఏదో చెప్పింది. మిగతా తొమ్మిది మందీ అలాంటిదేం లేదన్నారు. అందులో ఒకరు నా సొంత అక్క. చిన్నక్క నాతో అబద్ధం చెప్పదు గదా! అంతకంటే పెద్ద సాక్ష్యం ఏం కావాలి? రచన మాటకు ఆధారం లేదని రాశాను. ఫ్యాక్టరీకి పచ్చ గుర్తు పడింది. పని ఇంత తొందరగా, ఇంత శుభ్రంగా చేశావని మా పెద్దసారు మెచ్చుకున్నాడు.

చిన్నక్కకు చెప్పు, ఏ దేవుడూ నీళ్ళు వద్దనడు.

హరీశ్


జగిత్యాల,
15 జూన్ 2025

హరీశ్,

ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. 'కడుపు నొప్పి, తక్కువైంది' అని సతీశ్ నీకు ఫోన్‌లో చెప్పాడు. అది తిరుమల చెప్పమన్న మాట. ఇది జరిగిన మాట.

బుధవారం కాలర్ మిషన్ మీదే పడిపోయింది. కోరుట్లకు దగ్గరని జగిత్యాల తెచ్చుకున్నాం. కిడ్నీలో రాయి అడ్డంపడి చీము పట్టింది. గొట్టం వేసి తీశారు. కుడి కిడ్నీ సగానికి పైగా చెడిందట.

"రోజుకు నీళ్ళు ఎన్ని తాగుతుంది?" అని డాక్టరమ్మ అడిగింది. తిరుమలకు మాట వచ్చే స్థితి లేదు. నేనే చెప్పాను. గొప్పగా చెప్పాను. "మా చెల్లెకు నీళ్ళు ముట్టని ఒక్కపొద్దు మేడం, వారానికి ఆరు దినాలు." ఆమె నన్ను ఒకసారి చూసి, కాగితం మీద రాసుకుంది.

మర్నాడు సాయంత్రం తిరుమల నుదుట గుడి బండారి పసుపు పెట్టి, "రాజన్న నీ మొక్కు చూస్తనే ఉన్నడే" అన్నాను. గోడవైపు తిరిగి ఏడ్చింది.

"నాకు మొక్కు లేదు, పాడు లేదక్కా. బిళ్ల దొరకది."

ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. నాలుగో లైన్‌లో నలభై మంది ఆడవాళ్ళు. సూపర్‌వైజర్ మేజా దగ్గర గోడ మేకుకు ఒక రేకు బిళ్ల వేలాడుతుంది. బాత్రూంకు పోవాలంటే అది మెడలో వేసుకుని పోవాలి. నలభై మందికి అది ఒక్కటే. పోయిన మనిషి వచ్చేదాకా ఇంకొకరు లేవరాదు. నాలుగు నిమిషాలు దాటితే మైకులో పేరు చదువుతారు.

"తాగితె పోవాలె. పోతె అంగీలు తగ్గుతయి. గందుకే ఎవ్వలం తాగం. తమ్ముని తనిఖోళ్ళు అచ్చిన్నాడు బిళ్ల బీరువల దాశిండ్రు. నీళ్ళ డబ్బలు, కాయిదం గిలాసలు పెట్టిండ్రు. ఆ దినం అందరం తాగినం అక్కా. పండుగ లెక్క ఉండె."

"మరి హరీశ్ అడిగిండు గదనే. ఎందుకు చెప్పలే?"

"గొంతు గుర్తు పట్టిన. వాడే. పక్కపొంటి వాని పెద్దసార్లు కూసున్నరాయె. నేను నిజం చెప్తె, నీ అక్క పనిచేసే కాడనే గిట్లుంటె నువ్వేం చూస్తున్నవ్ రా అని వాని నౌకరి తియ్యరా?"

నీ నౌకరీ కోసం ఆమె అబద్ధం చెప్పింది. ఆమె అబద్ధం చెప్పదని నువ్వు పచ్చ గుర్తు పెట్టావు. నిజం చెప్పిన రచనను, నీ కాగితం చేరిన తెల్లవారే గేటు దగ్గర ఆపేశారు. "లేనిపోనివి చెప్పేటోళ్ళు మాకద్దు" అన్నారట. రచనకు ఇరవై నాలుగేళ్ళు. రుద్రంగి నుంచి రోజూ బస్సెక్కి వచ్చేది.

నా అంగన్‌వాడిలో మూడేళ్ళ పిల్ల ఒక వేలు చూపిస్తే నేను చేతిలో పని వదిలి పంపిస్తాను. నలభై ఏళ్ళ నా చెల్లెకు బిళ్ల కావాలి. ఆ బిళ్ల వేలాడే గోడ మీదే నీ బోర్డు ఉందట.

నీ ఒక్కడి మీదే నాకు కోపం అనుకోకు. నా చెల్లె దాహాన్ని చూసి భక్తి అనుకున్నది నేను.

గంగామణి


దుబాయి,
27 జూన్ 2025

పెద్దక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆఫీసు ఫోన్‌లో ఈ మాటలు మాట్లాడడం మంచిది కాదు, అందుకే నేనూ కాగితం మీదే రాస్తున్నాను.

చిన్నక్క నాకు ముందే ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. నేనేమైనా పరాయివాడినా? తెలియకుండా రాసిన తప్పుకు నన్ను ఇలా నిలబెడితే ఎలా?

మిషన్ మీద పడిపోయిన మనిషి గురించి, నా పేరు పెట్టకుండా ఆఫీసు తరఫున ఫ్యాక్టరీకి ఒక మెయిల్ పంపాను. మా దగ్గర ఫిర్యాదులేమీ లేవు, ఆ కార్మికురాలు మీ తనిఖీలోనే అన్నీ బాగున్నాయని చెప్పింది, మీ దగ్గరే రికార్డు ఉంటుంది వినండి, అని జవాబిచ్చారు. ఆ రికార్డులో ప్రశ్న అడిగే గొంతు నాది.

నువ్వు ఒకటి అర్థం చేసుకోవాలి. ఆ ఫ్యాక్టరీ మా కంపెనీది కాదు. మేం కొనేవాళ్ళం మాత్రమే. అక్కడి యజమానికి మేం ఇలా చెయ్యి అని చెప్పగలం, ఒత్తిడి తేగలం, అంతే. దానికో పద్ధతి ఉంది. బోర్డు కింద ఒక నంబరు ఉంటుంది. చిన్నక్కతో దానికి ఫోన్ చేయించు. పేరు చెప్పనక్కర లేదు. విచారణ వస్తుంది. నేను ఆమె తమ్ముణ్ణన్న మాట మాత్రం ఎక్కడా రావద్దు. తనిఖీలో బంధుత్వం దాచినవాణ్ణి ఒక్క రోజు కూడా ఉంచుకోరు. ఇక్కడ నా మీద ఆధారపడి పెళ్ళాం పిల్లలున్నారు.

ఇంకొకటి. ఆ బోర్డు మీది మాట నాది కాదు. ఇంగ్లీషులో వచ్చింది, నేను తెలుగు చేశాను అంతే.

హరీశ్


కోరుట్ల,
6 జూలై 2025

హరీశ్,

'కొనేవాళ్ళం మాత్రమే' అని రాశావు.

మా వాడకట్టులో పాలు కొనే ముసలమ్మ కూడా వేలు ముంచి చూస్తుంది. కాలర్ మీద ఒక్క పోగు లేస్తే మీ వాళ్ళు అంగీ వెనక్కి పంపుతారని తిరుమల చెప్పింది. అద్దం పెట్టి వెతుకుతారట. అంత దూరం నుంచి పోగు కనిపించింది. ఆ పోగు వెనక కూర్చున్న మనిషి కనిపించలేదా?

నువ్వు చెప్పిన నంబరుకు సృజన ఫోన్ కలిపింది. ముందు ఇంగ్లీషు, తర్వాత హిందీ. ఎవరో ఫ్యాక్టరీ పేరు, లైన్ నంబరు రాసుకున్నారు. మూడో రోజు సూపర్‌వైజర్ మైకులో అన్నాడట, "నాలుగో లైన్ మారాణులు, దుబాయికి ఫోన్లు కొట్టుడు బంజేసి అంగీలు కుట్టుండ్రి" అని. నీ పద్ధతి ఇది.

నిన్న ఫ్యాక్టరీ మనిషి ఒకతను తిరుమల ఇంటికి బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. సంచీలోంచి కాగితం తీశాడు. 'నేను రోజూ నీళ్ళు ముట్టకుండా చేసిన ఉపవాసాల వల్లనే ఈ జబ్బు వచ్చింది, పనికి దీనితో సంబంధం లేదు' అని ఉంది. ఈ నెల ఇరవై ఎనిమిదిన పనికి వచ్చేటప్పుడు సంతకం చేసి తేవాలట. తేకపోతే రానక్కర లేదట. సెలవు కోసం మనం పంపిన ఆస్పత్రి కాగితాల్లోంచి ఆ మాట ఏరుకున్నారు.

ఆ మాట నాది. డాక్టరమ్మ ముందు నేను గొప్పగా చెప్పిన మాట. ముప్ఫై ఏళ్ళ నా ఒక్కపొద్దుల పుణ్యం వాళ్ళకు పనికొచ్చింది.

ఈ రోజు ఆదివారమైనా డాక్టరమ్మ ఉంటుందని తెలిసి, పొద్దున మొదటి బస్సుకే జగిత్యాల పోయాను. "మేడం, నేను తెలవక తప్పు చెప్పిన. మార్చుండ్రి" అన్నాను. రాసింది కొట్టేయరాదంది. తిరుమలతో ఫోన్‌లో మాట్లాడి, కింద తేదీ వేసి ఇంకో నాలుగు వరుసలు రాసింది. పనిచోట బాత్రూంకు పోనివ్వనందుకే నీళ్ళు తాగలేదని రోగి చెబుతోంది, ముందు చెప్పింది అక్క పొరపాటు, అని. దాని కింద నేను సంతకం పెట్టాను. రాయడం అయ్యాక పెన్ను మూత పెట్టి ఆమె అంది: "ఇట్లాంటివాళ్ళు నెలకు ముగ్గురు నలుగురు వస్తున్నరమ్మా. ఒక్కరు కూడ చెప్పరు."

నా మాట సరిచేసుకుని రావడానికి నాకు సగం రోజు పట్టింది.

నీకెంత పడుతుంది?

గంగామణి


దుబాయి,
18 జూలై 2025

పెద్దక్కా,

చెప్పేశాను. మొన్న సోమవారం పెద్దసారు గదిలోకి వెళ్ళి, ఏడో మనిషి మా అక్క, నేను దాచాను, రచన చెప్పిందే నిజం అన్నాను. "ముందు నీళ్ళు తాగు" అని సీసా నా ముందుకు జరిపాడు. ఆ సీసా వైపు చూస్తూ ఉండిపోయాను. ఆయనకు ఎందుకో అర్థం కాలేదు.

విచారణ ముగిసేదాకా ఆఫీసుకు రావద్దన్నారు. అది నాకు తగినదే. దాని గురించి రాయడం లేదు.

రాయాల్సింది వేరే ఉంది. నిన్న గురువారం మళ్ళీ పిలిచారు. ఇంత తప్పు జరిగిన చోట మా పేరు ఉండకూడదు, ఆ ఫ్యాక్టరీతో తెంచేసుకుంటాం, ఆగస్టు నుంచి ఆ అంగీలు ఇంకో దేశంలో కుట్టించుకుంటాం అన్నారు. దానికి చిన్నక్క రాతపూర్వకంగా ఒక మాట ఇస్తే చాలట. దీన్ని బాధ్యత అంటున్నారక్కా. లోకమంతటికీ చెప్పుకుంటారు కూడా.

అక్కడ ఆరువందల మంది ఆడవాళ్ళున్నారు. చిన్నక్క ఆ ఉపవాసాల కాగితం మీద సంతకం పెడితే నిజం చస్తుంది. నిజం రాసిస్తే ఆరువందల మంది పని పోతుంది. నాకు ఏం చేయాలో తోచడం లేదు. అమ్మను, చిన్నక్కను, బావలను కూర్చోబెట్టి అడుగు. మీరు ఏమంటే అదే రాసిస్తాను.

చిన్నక్కకు ఈ ఉత్తరం చదివి వినిపించు. నేను ఫోన్ చేస్తే 'సార్' అంటుందేమోనని భయంగా ఉంది.

హరీశ్


సిరిసిల్ల,
27 జూలై 2025, ఆదివారం

తమ్ముడూ హరీశ్,

మీ బావ, అమ్మ, నేను మధ్యాహ్నమే తిరుమల ఇంటికి వచ్చాం. నీ ఉత్తరం అందరి ముందూ చదివాను. నువ్వు చెప్పేశావన్న చోట తిరుమల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పిచ్చోడు, ఉన్న నౌకరి పోగొట్టుకున్నడు" అంది. కోపంగా కాదు.

నాలుగో లైన్ నుంచి ఐదుగురు వచ్చారు. రచన కూడా వచ్చింది. అందులో ఒకామె తలుపు దగ్గరే నిలబడి, "తిరుమలక్కా, మా పొట్ట కొట్టకు. బిళ్లతోనన్న బతుకుతం" అంది. సతీశ్ ఆ మాట అందుకున్నాడు. "సంతకం పెట్టేస్తె ఒడుస్తది. ఎవ్వలకు నష్టం లేదు. రాజన్న ఏమన్న అచ్చి అడుగుతడా, నా పేరెందుకు పెట్టినవని?"

అప్పటిదాకా మూలకు కూర్చున్న అమ్మ నోరు తెరిచింది. "నలభై ఏండ్లు బీడీలు చుట్టిన. ఆకు తక్కువిచ్చిండ్రు, కట్టలు తీసి పారేశిండ్రు, తిట్టిండ్రు. గని ఒంటేలుకు పోవద్దని ఏ సేటు అనలే. అంటె సాట తీసి నెత్తి మీద కొడుదును. మీరింత సదువుకొని గిదేం బతుకే?"

నవ్వు ఆగలేదు ఎవరికీ. తలుపు దగ్గరి ఆమె కూడా నవ్వి లోపలికి వచ్చి కూర్చుంది.

నేను ఒక్కటే అడిగాను. ఇన్నాళ్ళూ నీళ్ళు తాగనివ్వని చోట కుట్టిన అంగీలు కొన్నారు. ఇప్పుడు సంగతి బయటపడగానే చేతులు కడుక్కుని పోతామంటున్నారు. వాళ్ళ చేతులు కడగడానికి మాత్రం నీళ్ళున్నాయి. పోవడం బాధ్యత ఎట్లా అవుతుంది? ఇల్లు అంటుకుంటే ఊరు విడిచిపోయిన వాడిని మనం పెద్దమనిషి అంటామా?

రచన అంది, "అసలు పొమ్మన్నదెవ్వలు పెద్దమ్మా? నేను బిళ్ల తియ్యుండ్రి అన్న. ఫ్యాక్టరీ తియ్యుండ్రి అనలే గద."

ఆ మాటతో దారి దొరికింది. దీపాలు పెట్టే వేళకు అందరం ఒక మాట మీదికి వచ్చాం. అది నీకు రాస్తున్నాను. ఇందులో ఒక్క అక్షరం మార్చకుండా ఇంగ్లీషు చెయ్యి.

ఉపవాసాల కాగితం మీద తిరుమల సంతకం పెట్టదు, అది లేకుండానే రేపు పనికి పోతుంది. దాన్ని సృజన చేత నాలుగు మడతలు పెట్టించి దాచాను, రుజువుకు ఉంటుంది. మీ కంపెనీకి తిరుమల తన పేరుతో, ఊరి పేరుతో రాస్తుంది. తనిఖీలో చెప్పింది అబద్ధమని, ఎందుకు చెప్పిందో, బిళ్ల సంగతి, కిడ్నీ సంగతి, మైకులో అన్న మాట, అన్నీ. రచన, ఈ ఐదుగురు కింద సంతకాలు పెడతారు. నిజం రాస్తున్నది మీరు పోవడానికి కాదు, ఉండి సరిచేయడానికి అని మొదటి వరుసలోనే ఉంటుంది. రచనను పనిలోకి తీసుకునేదాకా, బిళ్ల తీసేదాకా, ఈసారి అడగడానికి తెలుగు తెలిసిన పరాయి మనిషి వచ్చేదాకా, పచ్చ గుర్తు ఉండరాదు, ఆర్డరు తీయరాదు. తిరుమల కిడ్నీ పని చోటనే చెడిందని ఫ్యాక్టరీ వాళ్ళు తమ నోటితో ఒప్పుకోవాలి. మీ కంపెనీ వాళ్ళు వినకుండా పోతే, ఇదే కాగితం ఇక్కడి కార్మికశాఖకు, వాళ్ళ అంగీలు అమ్మే ఊళ్ళోని పత్రికలకు పంపే పని నీది. నౌకరీ ఉన్నా పోయినా నీదే. ఇంటికి రావాలనుకుంటే రా, కానీ ఆ పని కాకముందు రాకు. ఇది తిరుమల మాట. 'సార్' అనకుండానే చెప్పింది.

చివరికి సతీశ్ తన పెన్నే తిరుమలకు ఇచ్చాడు.

రేపు శ్రావణ సోమవారం. ఈ ఐదుగురు రాత్రికే అందరికీ చెబుతారు, రేపటి నుంచి నాలుగో లైన్ అంతా ఎవరి సీసా వాళ్ళు మిషన్ పక్కన పెట్టుకుని తాగుతారు. అవసరమైనప్పుడు లేచి పోతారు. బిళ్ల అడగరు. మైకులో పేరు చదివితే నలభై మందీ ఒకేసారి లేస్తారు. గేటు బయట రచనతో నేను కూర్చుంటాను. మరి నీ ఒక్కపొద్దు ఎట్లా అని అమ్మ అడిగింది. రాజన్నకు చెంబెడు నీళ్ళు పోసి, మిగిలింది నేను తాగుతానన్నాను.

ఇంకొకటి కూడా ఈ సాయంత్రమే అనుకున్నాం. పొద్దున వ్యాను రాకముందు తిరుమల రెండు గ్లాసుల నీళ్ళు తాగాలి. అమ్మ దగ్గర కూర్చుని తాగిస్తానంది.

పెద్దక్క
గంగామణి